ఈగ వాలని పెరడు

ఆ వీధిలో ఆయన్ని అందరూ మందాయన అనేవారు. అసలు పేరు గేటు పక్క గోడమీద రాయించుకున్నాడు గానీ, అది చదివే ఓపిక ఎవరికీ లేదు. బొద్దింకలు, నల్లులు, చెదలు, కందిరీగలు, ఏ బెడద వచ్చినా చుట్టుపక్కల సగం ఇళ్ళవాళ్ళు ఆయనకే కబురుపెట్టేవారు. వీపుకు పంపు తగిలించుకుని, మూతికి గుడ్డ కట్టుకుని గుమ్మంలో నిలబడితే చాలు, పిల్లలు బూచిని చూసినట్టు లోపలికి పరుగెత్తేవారు. అన్నం తినని పిల్లలకు ఆయన పేరు చెప్పి భయపెట్టిన తల్లులు కూడా ఉన్నారు.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. రాగానే పంపు తీసే రకం కాదు. ముందు ఇల్లంతా తిరిగేవాడు. సింకు కింద టార్చి వేసి చూసేవాడు, గోడ పగుళ్ళలో వేలు పెట్టేవాడు, ఆ తర్వాత ఇంటావిడను నిలబెట్టి పాఠం మొదలుపెట్టేవాడు. నీళ్ళు నిలవ ఉంచకండి. ఎండుటాకులు పోగెయ్యకండి. పండ్ల తొక్కలు రాత్రంతా ఉంచకండి. గోడకు బెజ్జం కనబడితే ఆ రోజే పూడ్చండి. తన ఎదుటే బకెట్లలో, తొట్లలో నీళ్ళు పారబోయించి గానీ మందు కలిపేవాడు కాదు. పురుగును పిలిచేది మనిషేననీ, తాను వచ్చేది ఆ పిలుపును వెనక్కి తీసుకోవడానికేననీ చెప్పేవాడు.

ఇక సొంత ఇంటి సంగతి చెప్పాలా. అక్కడ చీమ మందుకైనా దొరికేది కాదు. పంచదార డబ్బాకు మూత ఉండేది కాదు, అవసరం లేదు గనుక. ఆ డబ్బాను వచ్చిన చుట్టాలందరికీ చూపించి మురిసిపోయేవాడు. సాయంత్రం పని నుంచి రాగానే పెరట్లో కుళాయి దగ్గర పంపు కడిగి, ఆ నీళ్ళు అక్కడే పారబోసేవాడు. భార్య ఆ పెరట్లో ఏటేటా గుమ్మడిపాదు పెట్టేది. తీగ సాగేది, పూలు పూసేవి, వేలెడు పిందెలు వచ్చి పచ్చబడి రాలిపోయేవి. పువ్వు మీద వాలే ప్రాణి ఉంటే కదా పిందె నిలిచేది. ఆ మాట ఆయనకు తట్టలేదు. తట్టనివ్వలేదేమో కూడా. "నీ చెయ్యి మంచిది కాదే" అని ఆవిడనే అనేవాడు. ఆవిడ నిజమే కాబోలు అనుకునేది.

ఆయన పనిబట్టలు వేరే బకెట్లో నానబెట్టి చేత్తో ఉతికింది ఆవిడే. కొన్నాళ్ళకు దగ్గు పట్టుకుంది. ఎండాకాలం దగ్గింది, వానాకాలం దగ్గింది, చివరికి దగ్గడానికి కూడా ఓపిక లేక కన్నుమూసింది. ఊపిరితిత్తుల జబ్బన్నారు. ఎందుకొచ్చిందో డాక్టర్లు తేల్చి చెప్పలేదు. కూతురు మాత్రం తేల్చుకుంది.

కూతురు దూరాన ఏమీ లేదు. అదే ఊళ్ళో, బస్సెక్కితే ఎండ మొహాన తగిలేలోపు దిగిపోయేంత దూరంలో, ఒక బళ్ళో టీచరు. ఆమెకు ఒక ఆడపిల్ల. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్లకు ఊపిరి తేలిక కాదు. నడక వచ్చిన కొత్తలో ఒకసారి తాత ఇంట్లో పడుకోబెడితే, తెల్లారేసరికి ఛాతీ ఎగరేస్తూ ఆస్పత్రిలో తేలింది. ఆ తర్వాత కూతురు ఆ గడప తొక్కలేదు. మందాయన ఆ పని మానేశాక, పాపకు ఒక బొమ్మ కొనుక్కుని తానే కూతురింటికి వెళ్ళాడు. ఆమె మంచినీళ్ళిచ్చింది, కూర్చోమంది, కానీ పాపను పంపమంటే మొహం బిగుసుకుపోయింది.

"అమ్మని తినేసింది ఆ ఇల్లు. దీన్ని కూడా ఇవ్వలేను నాన్నా."

"ఇప్పుడు మానేశాను కదమ్మా. పనీ లేదు, మందూ లేదు."

"గోడల్లోంచి పోయిందా? మట్టిలోంచి పోయిందా?"

"పోయిందని ఎట్లా చూపించమంటావు మరి?"

"నీ పెరట్లో ఒక్క ఈగ బతికిన రోజు చెప్పు. అప్పుడు తీసుకొస్తాను."

కోపంలో అన్న మాట అది. ఇంకెవరైనా అయితే మర్నాటికి మరిచిపోయేవారు. ఈయన దాన్ని కొంగున కట్టుకున్నట్టు కట్టుకుని ఇంటికొచ్చాడు. కూతురి మీద ఈగ వాలనివ్వకుండా పెంచానని ఊరంతా చెప్పుకున్న మనిషాయన. ఆయన విషయంలో అది మాటవరసకు అన్నది కూడా కాదు. ఇప్పుడు ఆ ఈగ కోసమే పడిగాపులు పడాల్సి వచ్చింది. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

మొక్కలమ్మే ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. చెరువు మట్టి, కుండీలు, నారు అన్నీ అమ్మే చోటు అది. ఆవిడ నీళ్ళ గొట్టం పట్టుకునే అడిగింది.

"ఏం మొక్కలు కావాలి పెద్దాయనా?"

"పురుగులు బాగా పట్టేవి."

"పురుగు పట్టనివి అడుగుతారు ఎవరైనా."

"నాకు పట్టేవే కావాలి. గొంగళిపురుగులు తినేవి, తేనెటీగలు మూగేవి. ఎన్ని గుంపులొస్తే అంత మంచిది."

ఆవిడ గొట్టం కింద పెట్టి తేరిపార చూసింది. "మా షెడ్డులో చెదలకి మందు కొట్టింది మీరు కాదూ?"

"నేనే."

"అయితే పాపం కడుక్కుంటున్నారన్నమాట" అని పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆవిడ కాసేపటికి తానే సర్దుకుని ఒక నిమ్మమొక్క, బంతినారు, పొద్దుతిరుగుడు గింజలు, పుదీనా దుబ్బు ఇచ్చింది. "కొత్తిమీర కూడా చల్లండి. కానీ కూరలోకి కొయ్యకండి, పూతకు వదిలెయ్యండి. వాటికి మీరు పెట్టే భోజనం అదే."

ముందు కుళాయి చుట్టూ మట్టి తవ్విపోశాడు. గోనెసంచులకెత్తి ఊరవతల దిబ్బలో పారబోయించాడు. ఆ విషం ఇప్పుడు ఇంకెవరి వాకిట్లోకి పారుతుందో అని ఆలోచించలేదు. ఆలోచించే అలవాటే ఉంటే ఆ పని అన్నేళ్ళు చేసేవాడా. కొత్త మట్టి పోశాడు, పాదులు తీశాడు, విత్తనాలు వేశాడు, భార్య పెట్టే చోటే గుమ్మడి గింజలూ పెట్టాడు. ఆ తర్వాత తనకు తెలిసిన విద్యనంతా తిరగేశాడు. ఇంటింటా ఏవి చెయ్యొద్దని చెప్పాడో అవన్నీ వరసగా చేసుకొచ్చాడు. ఎండుటాకులు మూల పోగేశాడు. మాగిన పండ్ల తొక్కలు పళ్ళెంలో పెట్టి రాత్రంతా వదిలేశాడు. ఉలి పెట్టి సొంత గోడకు సొంత చేత్తో బెజ్జాలు చేశాడు. వెనక గుమ్మం పక్కన చూరు నీడలో వెడల్పాటి మట్టిమూకుడు పెట్టి, తేనెటీగలు వాలి తాగడానికి గులకరాళ్ళు పేర్చి, నీళ్ళు పోశాడు.

పక్కింట్లో బస్సు కండక్టరు చేసి మానేసిన మనిషి ఉండేవాడు. ఆయన గోడ మీద నుంచి తల పెట్టి, "ఏమిటండీ, పెరడంతా దయ్యాల కొంప చేశారు?" అన్నాడు.

"రిటైరైనవాళ్ళందరూ ఈగలు తోలుకుంటూ కూర్చుంటారు కదండీ. నాకు ఆ ఈగలు కూడా లేకపోయె" అన్నాడు మందాయన.

నెలలు గడిచాయి. పూలు పూశాయి, వాడాయి. ఒక్క రెక్క చప్పుడు లేదు. పొద్దున్నే స్టూలు వేసుకుని కూర్చునేవాడు, ఎండెక్కాక లేచి లోపలికి పోయేవాడు. తాను చంపినవన్నీ కూడబలుక్కుని తన ఇంటిని వెలివేశాయేమో అనిపించేది. కూతురు పెట్టిన పరీక్ష కాదిది, భార్య పెడుతున్నదేమో అని కూడా ఒక్కోసారి అనిపించేది. ఆవిడ బతికుండగా ఒక్కనాడూ ఏదీ అడగలేదు మరి.

మొదటి వానలు వెళ్ళాక ఒక ఉదయం గడప పక్క నుంచి చీమల బారు కనబడింది. మందాయన మోకాళ్ళ మీద కూలబడి చూశాడు. అవి ఆకులకుప్పలోకి పోతున్నాయి, వస్తున్నాయి, ఎదురుపడినప్పుడు ఆగి పలకరించుకుంటున్నాయి. లోపలికెళ్ళి పంచదార తెచ్చి చెంచాడు వాటి దారిలో పోశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చీమకు పంచదార పెట్టి ఏడ్చే మందుకొట్టేవాణ్ణి చూసి నవ్వడానికి ఆ క్షణాన పక్కింటాయన లేకపోవడం అదృష్టం. తర్వాత తొక్కల పళ్ళెం మీద ఈగ వాలింది. ఆ రోజే కూతురికి ఫోను చేశాడు.

"ఈగ వచ్చిందమ్మా."

"ఈగ చెత్తకుప్ప మీద కూడా వాలుతుంది నాన్నా. తేనెటీగలు రానీ, చూద్దాం" అని పెట్టేసింది. మాట మార్చిందని ఆయన బాధపడలేదు. ఫోను ఎత్తిందని సంతోషపడ్డాడు.

కొత్తిమీర తెల్లగా పూసినప్పుడు తేనెటీగలు వచ్చాయి. ముందు ఒకటి వచ్చి చూసుకుపోయింది, తర్వాత గుంపే దిగింది. పొద్దున్నే మొట్టమొదట మూకుడు దగ్గరికి వచ్చి, గులకరాళ్ళ మీద నిలబడి నీళ్ళు తాగి, అప్పుడు పూలకు వెళ్ళేవి. నిమ్మమొక్క ఆకుల మీద సీతాకోకచిలుక గుడ్లు పెట్టింది. పిట్టరెట్టలాంటి పురుగులు పుట్టి, ఆకులు తిని తిని పచ్చటి గొంగళిపురుగులయ్యాయి. మొక్కను బోడి చేశాయి. ఆయన చూస్తుంటే కుడిచేతి వేళ్ళు వాటంతట అవే ముడుచుకునేవి, పంపు మీట నొక్కేటప్పుడు ముడుచుకున్నట్టే. ఆ చేతిని ఎడంచేత్తో పట్టుకుని కూర్చునేవాడు. ఇన్నేళ్ళలో ఇన్ని లక్షల పురుగులను చూశాడు గానీ, ఒక్కదాని బతుకు మధ్యాహ్నం దాకా చూసింది లేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.

గుమ్మడిపాదుకు పిందె నిలిచింది. మొదట నమ్మలేదు. మర్నాడు చూశాడు, ఆ మర్నాడు చూశాడు, పిడికిలంతయింది, పచ్చబడలేదు, రాలలేదు. ఎవరి చెయ్యి మంచిది కాదో అప్పటికి తెలిసివచ్చింది. ఆ మాట చెప్పి క్షమించమని అడగడానికి మనిషి లేదు.

ఒకరోజు కూతురికి ఫోను చేసి, ఏమీ మాట్లాడకుండా ఫోనును పూల మధ్య పట్టుకున్నాడు. అవతల పాప ఎత్తినట్టుంది. "మోటారు వేశావా తాతయ్యా?" అంది. తేనెటీగలని చెబితే నమ్మలేదు, మళ్ళీ వినిపించమంది. ఆ తర్వాత కూతురు తీసుకుని చాలాసేపు వింది.

"ఆదివారం తీసుకొస్తాను. ఒక్క పూట ఉంటాం. డబ్బాలన్నీ పారేశావు కదా?"

"ఎప్పుడో పారేశాను."

ఒక్కటి మిగిలింది. స్నానాలగది అటక మీద, పాత దుప్పట్ల వెనక, పంపు పక్కన. దాచుకున్నాడని అనలేం, పారెయ్యడానికి చెయ్యి రాలేదు. అంత మంచి మందు ఇప్పుడు బజారులో దొరకదు.

శనివారం ఇల్లు కడిగాడు. పాప కూర్చోవడానికి చిన్న పీట తెచ్చి వెనక గుమ్మం పక్కన, మూకుడుకు ఎదురుగా వేశాడు. అక్కడైతే నీళ్ళు తాగడానికొచ్చే తేనెటీగలు బాగా కనబడతాయి. వేసి, సరిగ్గా ఉందా అని తల ఎత్తి చూస్తే, చూరు కింద గుప్పెడంత కందిరీగల గూడు ఉంది. పచ్చగా, నడుములు సన్నగా, కదులుతూ ఉన్నాయి. ఒక ఇంట్లో కందిరీగలు కుట్టిన పిల్లవాడి మొహం ఆయన చూసి ఉన్నాడు. కళ్ళు పూడుకుపోయి, పెదవులు ఉబ్బి, ఊపిరి ఆడక గిలగిల్లాడాడు వాడు. వాడిది మామూలు ఊపిరి. ఈ పిల్లది అసలే అరువు తెచ్చుకున్నట్టుండే ఊపిరి.

పీట అవతలి గోడ దగ్గర వేసుకోవచ్చు. పొగ పెట్టొచ్చు. కూతురికి ఫోను చేసి వచ్చేవారం రమ్మనొచ్చు. పక్కింటాయనను పిలిచినా గోనెసంచి పట్టుకుని వచ్చేవాడే. ఇన్ని దారులుండగా మందాయన చేతికి ఒక్క దారే తెలుసు. ఒక్క గూటికే కదా, మూతెడు మందే కదా అనుకున్నాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసేవాళ్ళందరూ అలాగే అనుకుంటారు.

పని మాత్రం పద్ధతిగా చేశాడు. కందిరీగలన్నీ గూటికి చేరేదాకా, తేనెటీగలన్నీ వెళ్ళిపోయేదాకా పొద్దుగూకనిచ్చాడు. వేలు తడిపి గాలి ఎటు వీస్తోందో చూశాడు. ఇళ్ళలో గిన్నెల మీద మూతలు పెట్టించినట్టే బంతిమొక్కల మీద, కొత్తిమీర మడి మీద పాత దుప్పట్లు కప్పాడు. పీట లోపల పెట్టాడు. మూతికి గుడ్డ కట్టుకున్నాడు. పంపు మీట వేళ్ళకు తగలగానే ఒంట్లోకి పాత బలం వచ్చింది, దాచడమెందుకు. ఒక్క కందిరీగ తప్పించుకోలేదు. గూడును కర్రతో రాల్చి తగలబెట్టాడు. డబ్బాను మళ్ళీ అటకెక్కించి, సబ్బుతో మోచేతులదాకా కడుక్కుని, తృప్తిగా నిద్రపోయాడు.

నీళ్ళ మూకుడు మరిచాడు. ఆయన మందు కొట్టిన ఇళ్ళలో ఎక్కడా నిలవ నీళ్ళనేవి ఉండేవి కావు, ముందే పారబోయించేవాడు గనుక. నీళ్ళున్న చోట మందు కొట్టాల్సి వస్తే ఏం చెయ్యాలో ఆ చేతులకు తెలియనే తెలియదు. చూరుకు పట్టిన మందు బొట్లు బొట్లుగా కారి మూకుట్లో పడింది.

ఆదివారం పొద్దున్నే దుప్పట్లు తీసేశాడు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని పెరట్లోకి వచ్చాడు. అప్పటికి తేనెటీగలు వచ్చి నీళ్ళు తాగేశాయి. మూకుడు చుట్టూ వెల్లకిలా పడి గిరగిరా తిరుగుతున్నాయి. ఆ తిరగడం ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మందు బాగా ఎక్కిందని ఇంటివాళ్ళను పిలిచి చూపించేది అప్పుడే. గోడవారన ఒక పిచ్చుక ముక్కు తెరుచుకుని పడి ఉంది. మందాయన చూరుకేసి చూశాడు, మూకుడుకేసి చూశాడు. ఇంకేమీ చూడాల్సిన పని లేకపోయింది.

ఫోను చేసి రావద్దని చెప్పొచ్చు. జరిగింది చెప్పి ఏడవొచ్చు కూడా. చెయ్యి ఫోను దాకా వెళ్ళి, చీపురు దగ్గరికి వచ్చింది. ఊడ్చాడు. చేట నిండింది. పారబోసి వచ్చి మళ్ళీ ఊడ్చాడు. మూకుడు గోనెసంచిలో కట్టేశాడు. బండలు కడిగాడు. కడుగుతుండగానే గేటు చప్పుడైంది.

పాప రావడం రావడం పెరట్లోకే పరుగెత్తింది. "ఏవి తాతయ్యా?"

"ఎండెక్కితే వస్తాయమ్మా."

కూతురు వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. పొద్దుతిరుగుళ్ళు పళ్ళేలంత పూసి ఉన్నాయి, బంతులు విరగబూసి ఉన్నాయి, గుమ్మడి పూలు తెరుచుకుని ఉన్నాయి. చీమ చిటుక్కుమనడం లేదు. ఆ నిశ్శబ్దంలో పుట్టి పెరిగిన పిల్ల ఆమె. ఆమెకు వాసన చూడాల్సిన అవసరం లేదు. తడిబండల కేసి చూసింది, తండ్రి మొహం కేసి చూసింది. ఆయన గుమ్మడిపిందె చూపించబోయాడు.

"అమ్మా, ఇది ఇంకా కాళ్ళు ఆడిస్తోంది" అంటూ పాప గుప్పెట తెరిచింది. బంతిమొక్క మొదట్లో దొరికిందట.

కూతురు చున్నీ కొసతో ఆ తేనెటీగను తీసి ఆకు మీద పెట్టింది. కుళాయి రెండడుగుల దూరంలో ఉంది. ఆమె సంచిలోంచి తాను తెచ్చుకున్న నీళ్ళ సీసా తీసి, ఆ నీళ్ళతో పాప చేతులు కడిగింది. ఒక్కొక్క వేలూ విడదీసి కడిగింది.

"కందిరీగలమ్మా" అన్నాడు మందాయన. "పాప కూర్చునే చోటే గూడు పెట్టాయి. కుడతాయేమోనని... ఒక్క గూటికే. ఇంతంటే ఇంతే."

"తెలుసు నాన్నా" అంది కూతురు. గొంతు పెంచలేదు. "ఎప్పుడూ మాకోసమే కదా కొట్టావు."

తిట్టి ఉంటే ఏదో ఒక జవాబు చెప్పేవాడు. జీవితమంతా జవాబులు దగ్గర పెట్టుకున్న మనిషే. ఆ మాటకు వంగి, తడిబండల మీది చీపురు తీసి మూల పెట్టాడు. కూతురు సీసా మూత బిగించి, పాపకు చెప్పులు తొడిగింది. కూర్చోమని ఆయన అనలేదు, ఆమె కూర్చోలేదు.

గేటు దగ్గర పాప ఆగి తల ఎత్తింది. "మళ్ళీ ఎప్పుడొస్తాయి తాతయ్యా అవి?"

మందు కొట్టిన ప్రతి ఇంట్లోనూ ఆయన్ని అడిగిన ప్రశ్నే అది. మళ్ళీ ఎప్పుడొస్తాయండీ అని ఇంటావిడ భయంభయంగా అడిగేది, ఈయన ఛాతీ విరుచుకుని, ఈ మందు పడ్డాక నెలల తరబడి ఇటుకేసి చూడవు, నాది పూచీ అనేవాడు. ఆ పూచీ ఏనాడూ తప్పలేదు.

"ఇప్పట్లో రావమ్మా" అన్నాడు.

"అయితే అవి వచ్చాక ఫోన్ చెయ్యి. మేమూ అప్పుడే వస్తాం."

కూతురు పాప చెయ్యి పట్టుకుని బస్టాపు వైపు నడిచింది.